హెరోకూలో మా జీడిపప్పు లెక్కలు: ఎనిమిది నెలలు వాడాక నా మాట

జావాలో రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఒకటి నా ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది, దాన్ని ఇంకో ఐదుగురు తమ ఫోన్లలో తెరిచి వాడుకోవాలంటే ఎక్కడ పెట్టాలి? పోయినేడాది నా తలనొప్పి ఇదే. చివరికి హెరోకూలో పెట్టాను, మనం రాసిన ప్రోగ్రాంని వాళ్ల మెషీన్ల మీద అద్దెకి నడిపిపెట్టే సర్వీసు అది. ఎనిమిది నెలలైంది, నెలనెలా సొంత డబ్బు కడుతున్నాను కాబట్టి రివ్యూ రాసే హక్కు ఉందనుకుంటున్నాను. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చెబుతాను, దానికంటే ముందు నేను చేసిన వెధవ పనులు చెబుతాను, ఎందుకంటే వాటిలో సగం మీరూ చేస్తారు.

ముందు ప్రోగ్రాం సంగతి. మా మావయ్యకి కాశీబుగ్గ దగ్గర చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పలాస వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం: ఉద్దానం నుంచి పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన వస్తాయి, వాటిని ఉడకబెట్టి, పెంకు కోసి, పప్పుని బోర్మాలో (వేడిగాలి గదిలో) ఆరబెట్టి, పైన ఉండే ఎర్రటి తొక్క తీసి, గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్క వేరు చేసి డబ్బాలకెత్తుతారు. తొక్క తీసే పని ఆడవాళ్లది. పొద్దున్న ఎవరికెంత పప్పు తూచి ఇచ్చాం, పని అయ్యాక ఎంత తిరిగొచ్చింది, కిలోకి ఇంత చొప్పున శనివారం బట్వాడా. ఈ లెక్కంతా పొడుగాటి చిట్టా పుస్తకాల్లో ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు షెడ్డు రేకులు లేచిపోయి ఆ పుస్తకాలు తడిసి ముద్దయిపోయాయి. ఎవరికెంత ఇవ్వాలో వాళ్లు చెప్పిందే నమ్మి ఇచ్చేశాడు మావయ్య. అప్పట్నుంచి "అల్లుడూ, ఈ లెక్కలు మన షెడ్డులో కాకుండా ఇంకెక్కడైనా ఉండేలా చూడు" అని కనిపించినప్పుడల్లా అంటూనే ఉన్నాడు. నేను శ్రీకాకుళంలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కూర్చుని రాశాను, జావలిన్ అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ (వెబ్ ప్రోగ్రాంలకి రెడీమేడ్ చట్రం) మీద. దాంట్లో జెట్టీ అనే వెబ్ సర్వర్ లోపలే ఉంటుంది, విడిగా టామ్‌క్యాట్ లాంటి సర్వర్ పెట్టుకోనక్కర్లేదు. ఒక్క జార్ ఫైల్ (జావా ప్రోగ్రాంని మూటకట్టిన ఫైలు), ఒక్క కమాండ్, లేచి కూర్చుంటుంది.

అది మన మెషీన్‌లో. బయట అంత వీజీ కాదు. హెరోకూ కంటే ముందు ఒక హోస్టింగ్ కంపెనీకి, పేరెందుకు లెండి, ఏడాది డబ్బు ముందే కట్టాను. జావా సపోర్ట్ ఉందని వాళ్ల సైట్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. తీరా చూస్తే మనం వార్ ఫైల్ (సర్వర్ లోపల లేని ఇంకోరకం మూట) తయారుచేసి పంపితే వాళ్లు తమ టామ్‌క్యాట్‌లో పెడతారట, అది కూడా టికెట్ పెట్టిన రెండు రోజులకి. అక్షరం తప్పు దిద్దినా మళ్లీ రెండు రోజులు. జార్ ఫైల్ నడపడానికి కుదరదా అంటే "అలాంటివి మా దగ్గర ఎవరూ అడగలేదు సర్" అన్నాడు ఫోన్‌లో అబ్బాయి. డబ్బు తిరిగి రాలేదు.

హెరోకూ 2007లో రూబీ వాళ్ల కోసం మొదలైంది, జావా 2011లో వచ్చి చేరింది. పద్ధతి మాత్రం ఏ భాషకైనా ఒకటే: మీ కోడ్‌ని గిట్‌తో (కోడ్ మార్పులు దాచి పంపే పనిముట్టు) వాళ్లకి పుష్ చేస్తారు, అంటే పంపుతారు, వాళ్లు అందులో పోమ్ ఫైల్ కనిపిస్తే ఇది మేవెన్ (జావా కోడ్‌ని జార్‌గా కట్టే పనిముట్టు) ప్రాజెక్టు అని వాళ్లే గుర్తుపట్టి, అక్కడే బిల్డ్ చేసి, మీరు చెప్పిన కమాండ్‌తో నడుపుతారు. వింటే ఇంతే.

ఇక జార్ కట్టడం. అసలు కష్టం ఇక్కడే ఉంది, దీనికీ హెరోకూకీ సంబంధం లేదు, ఎక్కడ పెట్టినా ఇదే బాధ. ఐడీఈలో, అంటే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో, గ్రీన్ బటన్ నొక్కి నడపడం అలవాటైనవాళ్లకి (నాలాగ) మామూలుగా మేవెన్ ప్యాకేజ్ కొడితే వచ్చే జార్‌లో మనం రాసిన క్లాసులు తప్ప ఇంకేమీ ఉండవన్న సంగతి తట్టదు. మొదటిసారి నడిపితే "నో మెయిన్ మానిఫెస్ట్ యాట్రిబ్యూట్" అంది. అంటే ఏ క్లాసుతో మొదలుపెట్టాలో నాకు చెప్పలేదయ్యా అని. సరే, అది రాశాను. ఈసారి నో క్లాస్ డెఫ్ ఫౌండ్. జావలిన్ ఎక్కడ అని అడుగుతోంది. వనభోజనానికి పొయ్యి పట్టుకెళ్లి బియ్యం ఇంట్లో మర్చిపోయినట్టు. దీనికి మందు మేవెన్‌కి తగిలించే షేడ్ ప్లగిన్, మన క్లాసులు, వాడిన లైబ్రరీలు అన్నీ విప్పి ఒకే జార్‌లో పోస్తుంది, దాన్నే ఫ్యాట్ జార్ అంటారు. స్ప్రింగ్ బూట్ అనే పెద్ద ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకి దాని సొంత ప్లగిన్ ఈ పని చేసిపెడుతుంది, వాళ్లు అదృష్టవంతులు.

కానీ అన్నీ ఒకే గంపలో పోస్తే ఒకే పేరున్న ఫైళ్లు ఒకదానిమీదొకటి పడతాయి. జార్ లోపల మెటా-ఇన్ఫ్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, అందులో సర్వీసెస్ అనే చోట "ఫలానా పని చేసే క్లాసు నేనే" అని ఒక్కో లైబ్రరీ ఒక చీటీ పెట్టుకుంటుంది. డేటాబేస్ డ్రైవర్లు (ప్రోగ్రాంని డేటాబేస్‌తో మాట్లాడించే లైబ్రరీలు) ఆ చీటీల ద్వారానే జావాకి దొరుకుతాయి. ఇది కొంచెం తర్వాతి సంగతి: నేను డేటాబేస్ మార్చేటప్పటికి ప్రాజెక్టులో రెండు డ్రైవర్లు ఉన్నాయి, పాత ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ది, కొత్తగా పెట్టిన పోస్ట్‌గ్రెస్ (విడిగా నడిచే పెద్ద డేటాబేస్) ది. రెండింటి చీటీ పేరు ఒకటే, ఒకటి మిగిలింది, ఇంకోటి పోయింది. "నో సూటబుల్ డ్రైవర్" అని ఎర్రర్. జార్ తెరిచి చూస్తే డ్రైవర్ క్లాసు నిక్షేపంగా ఉంది! రాత్రి ఒంటిగంట దాకా కనెక్షన్ స్ట్రింగ్‌లో అక్షరాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. షేడ్ ప్లగిన్‌కి సర్వీసెస్ రిసోర్స్ ట్రాన్స్‌ఫార్మర్ అని ఒక్క లైను జతచేస్తే ఆ చీటీలన్నీ కలిపి ఒకటిగా రాస్తుంది. ఒక్క లైను. ఆ లైను ముందే పెట్టుకోండి, అవసరం ఉన్నా లేకపోయినా.

జార్ రెడీ అయ్యాక హెరోకూకి కావాల్సింది ప్రాక్‌ఫైల్ అనే చిన్న ఫైలు. అందులో ఒకే వాక్యం: వెబ్ అని రాసి, పక్కన జావా కమాండ్, టార్గెట్ ఫోల్డర్‌లో ఉన్న జార్ పేరు. దీని మొదటి అక్షరం పెద్దక్షరం ఉండాలి, చివర ఏ తోకా ఉండకూడదు. నేను నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేశాను. బిల్డ్ సక్సెస్ అంది. యాప్ తెరిస్తే మాత్రం ఎర్రర్ పేజీ. లాగ్స్ చూస్తే హెచ్ 14, అంటే నడపాల్సిన వెబ్ ప్రాసెస్ ఒక్కటీ లేదు అని. ఫైలు కళ్లముందు కనిపిస్తోంది కదా అని ఎన్నిసార్లు పుష్ చేశానో లెక్కలేదు. విండోస్ తోకలు దాచిపెడుతుంది కదా, దాని అసలు పేరు ప్రాక్‌ఫైల్ డాట్ టీఎక్స్‌టీ! నోట్‌ప్యాడ్‌ని తిట్టాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను.

అది దిద్దాక ఆర్ 10 అని ఇంకో ఎర్రర్. యాప్ మొదలైన 60 సెకన్లలోపు హెరోకూ ఇచ్చిన పోర్టు (రిక్వెస్టులు వచ్చే తలుపు నంబరు) మీద చెవి పెట్టకపోతే దాన్ని చంపేస్తుంది. నేను 8080 అని కోడ్‌లో కొట్టేసి ఉంచాను. అక్కడ ప్రతిసారీ వేరే పోర్టు నంబరు ఇస్తారు, పోర్ట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోంచి (బయటినుంచి ప్రోగ్రాంకి ఇచ్చే సెట్టింగ్) మనమే చదువుకోవాలి. రూల్స్‌లో స్పష్టంగా రాసి ఉంది, చదవనిది నేను. ఒక విషయం మాత్రం మెచ్చుకోవాలి, ఈ కోడ్ నంబర్లకి అర్థాలన్నీ ఒకే పేజీలో పెట్టారు, ఊరికే "సంథింగ్ వెంట్ రాంగ్" అని వదిలెయ్యరు.

యాప్ లేచింది. మావయ్యకి లింక్ పంపాను, ఆయన వాట్సాప్‌లో రెండు బొటనవేళ్లు పెట్టాడు. ఆ రోజంతా ట్రయల్‌గా లెక్కలు ఎక్కించారు. మర్నాడు పొద్దున్న తెరిస్తే ఖాళీ. పేర్లు లేవు, తూకాలు లేవు, ఏమీ లేవు. ఎందుకంటే డేటా అంతా ఎస్‌క్యూలైట్ ఫైలుగా యాప్ పక్కనే రాస్తున్నాను, హెరోకూలో ఆ డిస్కు ఉత్త పలక లాంటిది. రోజుకోసారైనా యాప్‌ని ఆపి మళ్లీ లేపుతారు, లేపిన ప్రతిసారీ పలక తుడిచేసి ఇస్తారు. కొత్త కోడ్ పుష్ చేసినా అంతే. ఇది లోపం కాదు, వాళ్ల పద్ధతే అది, దాచుకోవాల్సింది ఏదైనా డేటాబేస్‌లోనే దాచుకోమంటారు. తుఫాను భయానికి పుస్తకాలు మానేసి వచ్చినవాడిని, తుఫాను లేకుండానే లెక్కలు పోగొట్టాను. మేస్త్రీ నోట్‌బుక్‌లో కూడా రాసుకుంది కాబట్టి పరువు దక్కింది.

పోస్ట్‌గ్రెస్‌కి మారాను. ఇక్కడ జావావాళ్లకి చిన్న మెలిక ఉంది. వాళ్లు ఇచ్చే డేటాబేస్ యూఆర్ఎల్ యథాతథంగా జేడీబీసీకి (జావా డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) పనికిరాదు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అన్నీ అందులోనే కలిపి ఉంటాయి. దాన్ని ముక్కలు చేసే కోడ్ ఇరవై లైన్లు రాశాక తెలిసింది, జావా యాప్‌ల కోసం జేడీబీసీ డేటాబేస్ యూఆర్ఎల్ అని విడిగా తయారుచేసి పెట్టే ఉంచారని. ఆ ఇరవై లైన్లు తీసేశాను. అన్నట్టు, చిన్న ప్లాన్‌లో 20 కనెక్షన్లే ఇస్తారు, కనెక్షన్లు తెరిచి ఉంచే హికారీ పూల్ అనే లైబ్రరీ మామూలుగా 10 తీసుకుంటుంది, మాకు మూడు చాలు, తగ్గించుకున్నాను.

ఇప్పుడు అసలు కథ. ఏప్రిల్, మే నెలల్లో ఎండలకి తట్టుకోలేక తొక్క తీసేవాళ్లు తెల్లారకుండానే ఐదింటికి వచ్చేస్తారు, పదకొండున్నరకల్లా తూకం వేయించుకుని వెళ్లిపోతారు. మొదటి శనివారం బట్వాడా దగ్గర గొడవ. యాప్‌లో సగం మందికి పేరు పక్కన ఎర్రగా "బాకీ" అని చూపిస్తోంది, అంటే పప్పు తీసుకుని తిరిగి ఇవ్వలేదు అని. ఇంకో చిత్రం, వాళ్లే మర్నాడు ఏమీ తీసుకోకుండానే పప్పు తెచ్చి ఇచ్చినట్టు ఉంది. ఒక పెద్దావిడ, ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తోంది, ఫోన్ మావయ్య చేతిలోంచి లాక్కుని చూసి, "ఏటి బాబూ ఇది, నాను పప్పు కొంగున కట్టుకుని ఇంటికి అట్టుకెళ్లిపోనానా ఏటి? నీ మిసనుకి సెప్పు" అని నా మీద విరుచుకుపడింది. నాకు చెమటలు పట్టాయి. పిన్నీ, ఒక్క పది నిమిషాలు ఆగు అని ఆ షెడ్డులోనే తవుడు బస్తా లాంటి తొక్క బస్తా మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను.

బాకీ పడ్డవాళ్లందరూ ఐదుంపావుకి, ఐదున్నరలోపు పప్పు తీసుకున్నవాళ్లే. ఆరింటికి వచ్చినవాళ్లకి ఏ గొడవా లేదు. అప్పుడు వెలిగింది. హెరోకూ మెషీన్ల గడియారం యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. కాశీబుగ్గలో మంగళవారం తెల్లవారుజాము ఐదుంపావు అయితే అక్కడ ఇంకా సోమవారం రాత్రి పావుతక్కువ పన్నెండు! నా కోడ్‌లో లోకల్ డేట్ నౌ (ఇవాళ్టి తారీకు ఇవ్వు) అని రాశాను, ఆ "లోకల్" ఎవరి లోకలో ఆలోచించలేదు. ఇచ్చిన పప్పు సోమవారంలో పడింది, తిరిగొచ్చింది మంగళవారంలో పడింది. నా ల్యాప్‌టాప్‌లో ఇది జన్మలో బయటపడేది కాదు, ఎందుకంటే అది శ్రీకాకుళం టైములోనే ఉంటుంది, పైగా ఐదింటికి లేచి టెస్ట్ చేసేదెవరు?

కాన్ఫిగ్‌లో, అంటే యాప్ సెట్టింగుల్లో, టీజెడ్ (టైమ్ జోన్) అని పెట్టి ఏసియా/కోల్‌కతా అని ఇస్తే యాప్ తనే మళ్లీ లేచి మన టైములోకి వచ్చింది. కోడ్ ముట్టుకోనక్కర్లేదు, బిల్డ్ అక్కర్లేదు. తర్వాత కోడ్‌లో కూడా జోన్ పేరు స్పష్టంగా రాసుకున్నాననుకోండి, అదే సరైన పద్ధతి. పడిపోయిన తారీకులు చేత్తో దిద్దాను. ఆవిడ బట్వాడా తీసుకుని, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయింది. మరుసటి వారం మాట్లాడింది లెండి.

నాకు బాగా నచ్చింది రోల్‌బ్యాక్. ప్రతి పుష్‌కీ, ప్రతి కాన్ఫిగ్ మార్పుకీ ఒక నంబరు ఇస్తారు. ఒక శనివారం పొద్దున్న తొందరపడి బద్దల రేటు కోడ్ మార్చి పుష్ చేశాను, మొత్తాలు సున్నాలు వచ్చాయి. షెడ్డులో నలభై మంది లైన్లో నిలబడి ఉన్నారు. ఫోన్‌లో డ్యాష్‌బోర్డు తెరిచి వెనకటి రిలీజ్‌కి వెళ్లమన్నాను, నిమిషం లోపు పాత లెక్క వచ్చేసింది. డేటాబేస్ మాత్రం వెనక్కి వెళ్లదు, అది గుర్తుంచుకోవాలి. శనివారం పుష్ చేయకూడదని కూడా.

ఇంకో లాభం మన వైపు ఇంటర్నెట్ వాడేవాళ్లకే అర్థమవుతుంది. జార్‌ని మన దగ్గరే కట్టి నేరుగా పంపే ప్లగిన్ కూడా ఉంది, నేనూ వాడి చూశాను. కానీ ప్రతిసారీ పదిహేను ఎంబీలు ఎక్కించాలి, మావయ్య షెడ్డులో ఫోన్ హాట్‌స్పాట్ మీద అంటే ఈలోపు టీ తాగి రావచ్చు. గిట్ పుష్ అయితే మారిన నాలుగు లైన్లే వెళ్తాయి, బరువంతా అక్కడే డౌన్‌లోడ్ చేసుకుని అక్కడే బిల్డ్ చేసుకుంటారు. ఒక్కటి చూసుకోండి, ఆ బిల్డ్‌లో టెస్టులు నడపరు, అది మన పూచీ.

మెమరీ 512 ఎంబీ. జావాకి ఇదేం సరిపోతుంది అని భయపడ్డాను గానీ, ఆ సైజుకి హీప్ (జావా తన డేటా పెట్టుకునే మెమరీ) 300 ఎంబీ దాటకుండా వాళ్లే సెట్ చేసి ఉంచారు, మా యాప్ అందులో హాయిగా ఉంది. పెద్ద స్ప్రింగ్ యాప్‌లకి ఇరుకే.

పోయిన స్టార్ సంగతి. చవక ప్లాన్లలో అమెరికా, యూరప్ తప్ప మన దేశం లేదు. ముంబై ఉంది గానీ అది పెద్ద కంపెనీలు తీసుకునే ప్రైవేట్ స్పేసెస్‌కే. నేను యూరప్ పెట్టుకున్నాను, యాప్ మొదట తయారుచేసేటప్పుడే ఇది చెప్పాలి. ఒక్కో క్లిక్ అంతదూరం వెళ్లి రావాలి, అందుకని తూకం పేజీని ఒకే రిక్వెస్ట్‌లో వచ్చేలా తిరగరాశాను, ఇప్పుడు వాడేవాళ్లకి తేడా తెలియట్లేదు. షేర్ మార్కెట్, గేమ్స్ లాంటివి చేసేవాళ్లు మాత్రం ఇటు రాకండి.

డబ్బు. పాత వీడియోలు చూసి ఫ్రీ అనుకునేవాళ్లకి చెబుతున్నా, ఆ ఫ్రీ ప్లాన్ 2022 నవంబరు 28తో పోయింది. నేను తీసుకున్నప్పుడు 5 డాలర్ల ఎకో ప్లాన్ ఒకటి ఉంది, అరగంట ఎవరూ రాకపోతే యాప్ నిద్రపోతుంది, జావా నిద్రలేవడానికి టైం పడుతుంది, ఐదింటికి తూకం దగ్గర నిలబడ్డవాళ్లకి అది కుదరదు. అందుకని 7 డాలర్ల బేసిక్, 1 జీబీ పోస్ట్‌గ్రెస్‌కి ఇంకో 5. వెరసి 12 డాలర్లు, నెలకి వెయ్యి రూపాయలు దాటుతుంది. కార్డు సంగతి కూడా చూసుకోండి, నెలనెలా దానంతటదే కట్ అయ్యే చెల్లింపుల మీద 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు రూల్స్ గట్టిగా ఉన్నాయి, నా మొదటి కార్డు తీసుకోలేదు, రెండోదానితో నడుస్తోంది.

బిల్లు ఎనిమిది నెలలూ నేనే కట్టాను. మొన్న మావయ్యకి చెప్పాను, ఇంక నుంచి యూనిట్ ఖర్చులో వేసుకో అని. ఆయన దేన్నైనా పప్పులోనే లెక్కేస్తాడు. "వెయ్యి అంటే కిలో పైచిలుకు గుండ్లు. నెలనెలా ఇవ్వాలా?" అన్నాడు. అవును మావయ్యా అన్నాను. కాసేపు ఆలోచించి, "సరే. సంక్రాంతికి నీకిచ్చే డబ్బా ఇంక ఆ యూరపోడికి" అన్నాడు.